పిల్లల కోసం ఐవీఎఫ్ చికిత్స చేయించుకుంటున్నట్టు ఆఫీసులో చెప్పాలా? సెలవు ఎలా అడగాలి?

మేనేజరుకి చెప్పండి, టీముకి చెప్పకండి. చెప్పేటప్పుడు కూడా "సెలవు కావాలి" అనకండి. "రెండు వారాల పాటు పొద్దున ఎన్నింటికి వస్తానో ముందే చెప్పలేను" అనండి. అసలు ఇబ్బందంతా అక్కడే.

చట్టాన్ని నమ్ముకోవద్దు. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి ఇద్దరు పిల్లల వరకు కాన్పుకు 26 వారాలు చేశారు. గర్భస్రావమైతే 6 వారాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి 2 వారాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. అంటే పిల్లలు చాలనుకున్నవాళ్లకి సెలవుంది, కావాలనుకున్నవాళ్లకి లేదు!

నేను హైదరాబాదులో అకౌంట్స్‌లో చేసేదాన్ని. ఇంజెక్షన్లు మొదలయ్యాక రోజు విడిచి రోజు స్కాన్. ఎనిమిదింటికల్లా రమ్మంటారు, డాక్టరమ్మ వచ్చేసరికి పది. మార్చి ఆఖర్లో ఒకరోజు స్కాన్ చూసి, "ఈ రాత్రి పదిన్నరకు ట్రిగ్గర్ వేసుకోమ్మా, ఎల్లుండి పొద్దున పికప్" అన్నారు. ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డాక సుమారు 36 గంటలకు అండాలు తీసెయ్యాలి, పికప్ అంటే అదే. ఆలస్యమైతే దక్కవు. మా లీవ్ పోర్టల్ ఏమో వారం ముందు పెట్టమంటుంది. కారణాలు మూడే: క్యాజువల్, సిక్, మెటర్నిటీ. నాకు జబ్బూ లేదు, కడుపూ లేదు.

వరండాలోంచి ఫోన్ చేస్తే మేనేజరు, "ఇయర్ ఎండ్ లెక్కల క్లోజింగ్ అయ్యాక పెట్టుకోవచ్చుగా అమ్మా" అన్నారు. ఒళ్లు మండింది. "సార్, ఇది డాక్టరు చేతిలో కూడా లేదు" అన్నాను. కాసేపాగి, "సరే, సిక్ అని పెట్టెయ్" అన్నారు. ఆ రాత్రి పదిన్నరకు మా ఆయన సిరంజి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు. నేను కాల్‌లో ఉన్నాను, ఎవరో వెండరు ఇన్వాయిస్ గురించి అడుగుతున్నారు. మ్యూట్‌లో పెట్టి, పొట్టలో పొడిపించుకుని, అన్‌మ్యూట్ చేసి ఇన్వాయిస్ నంబరు చెప్పాను.

మగవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. పికప్ రోజే వాళ్లూ వీర్యం శాంపిల్ ఇవ్వాలి, మత్తు దిగిన భార్యను ఇంటికి తీసుకెళ్లాలి. మా ఆయన "మిసెస్‌కి హాస్పిటల్ పని" అంటే వాళ్ల బాస్, డెలివరీ అనుకుని కంగ్రాట్స్ చెప్పాడట.

ఇన్సూరెన్స్ అయితే ఇంకో తలనొప్పి. మామూలు పాలసీల్లో సంతానలేమి చికిత్స మినహాయింపుల కింద ఉంటుంది. కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీల్లో మాత్రం ఇంత వరకు అని ఇస్తారు. హెచ్‌ఆర్‌ని సెలవు కంటే ముందు ఇది అడగండి.

టీముకి ఎందుకు వద్దన్నానంటే, ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భంలో పెట్టడం) తర్వాత, కడుపు నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష దాకా దాదాపు రెండు వారాలు ఆగాలి. ఈలోపు బొప్పాయి ముట్టకు, మెట్లెక్కకు అని పక్క సీటు నుంచి సలహాలు. నెగెటివ్ వస్తే ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకోవాలి.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక మంచం దిగొద్దని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. మా డాక్టరమ్మ మాత్రం మామూలుగా తిరగమన్నారు. ఆ సెలవులు మిగుల్చుకుని పికప్ మర్నాటికి వాడండి. కడుపు ఉబ్బి కుర్చీలో కూర్చోవడం కూడా కష్టమయ్యేది ఆ రోజే.