అక్టోబర్‌ఫెస్ట్‌కు ఎంట్రీ టికెట్ కొనాలా?

అక్కర్లేదు, ఈ బీరు ఉత్సవం జరిగే జర్మనీ నగరం మ్యూనిక్‌లోని థెరేజియన్‌వీజె మైదానంలోకి, అక్కడి పెద్ద బీరు టెంట్లలోకి ప్రవేశం ఉచితం (‘ఓయిడె వీజ్న్’ అనే పాతకాలపు విభాగానికి మాత్రం చిన్న రుసుము ఉంటుంది). టెంట్లవాళ్లకు రాబడి బీరు, భోజనం మీదే. అసలు టెన్షన్ సీటు గురించే: కూర్చున్నవాళ్లకే లీటరు మగ్గు తెచ్చిస్తారు, టెంటు నిండితే తలుపులు మూసేస్తారు. ఉదాహరణకు మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు వెళ్తే, రిజర్వ్ కాని బల్ల దగ్గర అపరిచితుల పక్కనైనా అడిగి కూర్చోవచ్చు. శనివారం సాయంత్రం అది చాలా కష్టం.

చాలామంది టేబుల్ రిజర్వేషన్‌నే టికెట్ అనుకుంటారు. అది సాధారణంగా పదిమంది బల్లకు బీరు, భోజనం కూపన్లు ముందే కొనడం. టెంటు నిర్వాహకుల దగ్గరే చేయించుకోండి. ఆన్‌లైన్‌లో ఇతరులు ‘టికెట్’ పేరుతో ఎక్కువ ధరకు అమ్మేవి దయచేసి కొనకండి.