ఉల్లిపాయ సంగతి వదిలేయండి, గడియారం చూడండి

"జైనులు ఉల్లిపాయ, బంగాళాదుంప కూడా తినరట. అహింస పేరుతో ఇది మరీ అతి కాదా?" అని అడిగారు. హైదరాబాదు బేగంబజారులో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో పదకొండేళ్లు లెక్కలు రాశాను. మా సేఠ్‌గారు జైనులు. అడిగేవాళ్లందరూ ఉల్లిపాయ దగ్గరే ఆగిపోతారు. అసలు కష్టం ఉల్లిపాయ కాదు, సూర్యాస్తమయం. నియమం పాటించేవాళ్లు పొద్దు గుంకాక ఏమీ తినరు.

ఒక జూలై సాయంత్రం, వాన వెలిసింది. మధ్యాహ్నం రావలసిన లారీ ఆరింటికి వచ్చింది. సేఠ్‌గారికి ఇంటి నుంచి క్యారియర్ కూడా అప్పుడే వచ్చింది. సరుకు దించడం, రెండు పెట్టెలు తక్కువ రావడం, డ్రైవరుతో వాదన. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి ఏడూ పది. జూలైలో ఇక్కడ ఏడుకు కొద్ది నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. మూత సగం తీసి మళ్లీ పెట్టేశారు. "మీరు తినేయండి, పారేయకూడదు" అని నా వైపు జరిపారు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయన నియమం ప్రకారం మర్నాడు సూర్యోదయమయ్యాక 48 నిమిషాలు గడిస్తే గానీ నోట్లో ఏమీ పడదు.

నేను తిన్నాను, మొహమాటపడలేదు. పుల్కాలు, ఇంగువ ఘుమఘుమలాడే అరటికాయ కూర, పచ్చి అల్లానికి బదులు శొంఠి వేసిన పెసరపప్పు. చాతుర్మాసం, అంటే ఆకుకూరలు మానేసే వానాకాలపు నాలుగు నెలలు కాబట్టి కొత్తిమీర రెబ్బ కూడా లేదు. తింటూ ఊరుకోక, "ఇది దీపాల కాలం నాటి నియమం కదా సేఠ్‌జీ, ఇప్పుడు ట్యూబులైట్లున్నాయి" అన్నాను. ఆయన నా గిన్నె వైపు చూపించారు. పప్పులో మూడు ఉసుళ్లు. ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. చిటికెనవేలితో పైకి తీసి బిల్లు కాగితం మీద పెట్టారు. బతకలేదు. వెలుతురు పెరిగితే పురుగులూ పెరుగుతాయని నాకెందుకు తట్టలేదో!

దుంపలదీ ఇదే లెక్క. బెండకాయ కోస్తే మొక్క మిగులుతుంది, ముల్లంగి పీకితే మొక్కే పోతుంది. పైగా ఒక్క దుంపలో లెక్కలేనన్ని జీవులుంటాయని వాళ్ల నమ్మకం. మా అమ్మ కార్తీక సోమవారం చుక్క పొడిస్తే గానీ తినదు, వాళ్లు చుక్క పొడవక ముందే తినేస్తారు. మనది భక్తి, వాళ్లది అతి ఎలా అయిందండీ?

అతి అంటే హోటళ్లది. 'జైన్ పావ్ భాజీ' అని బోర్డు పెడతారు, ఉల్లిపాయ ఒక్కటి మానేసి బంగాళాదుంప నిక్షేపంగా మెదిపి పెడతారు. అరటికాయ వేయడానికి ఏం రోగం? ఇక అహింస పేరు చెప్పి, పక్క వాటాలో ఏం వండుతున్నారో వాసన పట్టి, ఇల్లు అద్దెకివ్వని వాళ్ల సంగతి సరేసరి. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. పదకొండేళ్లలో మా సేఠ్‌గారు నా క్యారియర్‌లో ఏముందని ఒక్కసారి అడగలేదు. కోడికూర తెచ్చిన రోజు నేనే గోదాములోకి పోయి తినేవాణ్ణి.

ఆ ఉద్యోగం మానేసినా రాత్రి భోజనం ఏడులోపే ముగించడం అలవాటైపోయింది. షుగరు అదుపులోకి వచ్చింది దానివల్లే. డాక్టరుగారు మాత్రల వల్ల అంటారు, ఆయన తొమ్మిదిన్నరకు తింటారు మరి. ఉల్లిపాయ మాత్రం మానలేదు. అది లేని ఆమ్లెట్ ఒకసారి వేసి చూశాను, మా ఆవిడ కూడా ముట్టలేదు.