పరాటా పీట మీద చిరగకుండా ఉండాలంటే

హైదరాబాద్

బిడ్డా, ఆశీస్సులు.

ఆలుగడ్డ పరాటా పీట మీదే చిరిగి, కూరంతా కర్రకు అంటుకుంటోందని రాశావు. వత్తడం చేతకాదేమోనని బెంగ పెట్టుకోకు. తప్పు ఆలుగడ్డ ఉడకబెట్టిన దగ్గరే జరిగింది. ముక్కలు కోసి నీళ్లలో వేశానన్నావు కదా, కోసిన ముక్క నీళ్లు పీలుస్తుంది. ఆ తడి కూరలో నిలిచి, అక్కణ్నుంచి పిండిలోకి దిగుతుంది. తడి తగిలిన చోట పొర నాని తెగుతుంది.

ఏడు పరాటాలకు లెక్క చెప్తా. గోధుమపిండి 250 గ్రాములు, అంటే రెండు కప్పులు. ఆలుగడ్డలు 400 గ్రాములు, మధ్యరకంవి నాలుగు. పొట్టుతోనే, కోయకుండా కుక్కర్లో నాలుగు విజిల్స్ రానివ్వు. ప్రెషర్ దిగగానే నీళ్లు వంపేసి, పొట్టు తీసి, పళ్లెంలో విడివిడిగా ఆరబెట్టు. వేడి మీద మెదిపితే ఆవిరి లోపలే నీరవుతుంది, ముద్ద జిగురుగా కూడా తయారవుతుంది. పూర్తిగా చల్లారాక తురుము. చేత్తో మెదిపితే ఎక్కడో ఒకచోట బఠాణీ గింజంత ముక్క మిగిలిపోతుంది, కర్ర కింద పొరను చీల్చేది అదే. పచ్చి ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే మానుకో. ఆ చల్లదనానికి గడ్డలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి, కూర తియ్యగా తగులుతుంది.

తురుములో ఉప్పు ముప్పావు చెంచా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి రెండు, వేయించి దంచిన జీలకర్ర అర చెంచా, నలిపిన వాము పావు చెంచా, ఆమ్‌చూర్, అంటే ఎండు మామిడికాయ పొడి, అర చెంచా, గుప్పెడు కొత్తిమీర. పులుపుకు నిమ్మకాయ పిండకు, అదీ నీళ్లే. కొత్తిమీర కడిగి, బట్ట మీద ఆరాకే తరుగు. వానాకాలంలో రైతుబజార్ నుంచి తెచ్చిన కట్ట కడగకముందే తడిగా ఉంటుంది, మరీ జాగ్రత్త. ఉల్లిగడ్డ వేయొద్దనే నా మాట. ఇంట్లోవాళ్లు వినకపోతే వీలైనంత సన్నగా తరిగి విడిగా ఉంచు, ఏ ఉండకు ఆ ఉండ వత్తేముందు కలుపుకో. ఉప్పు తగిలిన ఉల్లిగడ్డ పది నిమిషాల్లో నీళ్లు వదులుతుంది.

ఇక పిండి. గిర్నిలో పట్టించిందైతే జల్లించు, లావు పొట్టు పలుకులు ఉంటే పొర సాగదు. చిటికెడు ఉప్పు, చెంచా నూనె, దాదాపు 160 మిల్లీలీటర్ల నీళ్లు. ఒకేసారి పోయకు, ఒక్కో పిండి ఒక్కోలా తాగుతుంది. చపాతీ పిండి కన్నా కొంచెం మెత్తగా, చెవితమ్మెలా ఉండాలి. తడిబట్ట కప్పి అరగంట నాననివ్వు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు బట్ట కూడా ఆరిపోతుంది, మధ్యలో ఒకసారి మళ్లీ తడుపు.

వత్తే ముందు ఒక్క పరీక్ష చెయ్యి. ఒక చేతిలో పిండి ఉండ, ఇంకో చేతిలో కూర ఉండ పట్టుకుని రెంటినీ బొటనవేళ్లతో నొక్కు. లొత్త రెండింట్లో ఒకేలా పడాలి. పోలెలకు పూర్ణం సరిచూసుకునేదీ ఇలాగే. పిండి గట్టిగా ఉంటే కూర పక్కలకు తోసుకొస్తుంది, తడిచేత్తో ఇంకొంచెం పిసికి పది నిమిషాలు ఆగు. కూర జారుగా ఉంటే రెండు చెంచాల వేయించిన శనగపిండి కలుపు.

రెండు ఉండలూ ఒకే సైజు, సుమారు నిమ్మకాయకు కొంచెం పెద్దవి. పిండిని వేళ్లతో నాలుగు అంగుళాలు పరుచు, అంచులు పల్చగా, నడుమ మందంగా ఉండాలి. కూర పెట్టి కుచ్చిళ్లు పోసినట్టు అంచులు పైకి తెచ్చి మూసెయ్. పైన మిగిలిన పిలకను మెలితిప్పి తెంపెయ్, వదిలేస్తే అక్కడ పచ్చిగా ఉంటుంది. వెంటనే కర్ర పట్టకు. నడుమ నుంచి అంచుకు వేళ్లతో అద్దుతూ లోపలి గాలిని పంపెయ్. తర్వాత కొద్దిగా పొడిపిండి చల్లి, మూసిన వైపు పైకి పెట్టుకుని, పరాటాను తిప్పుకుంటూ తేలిక చేత్తో ఏడు అంగుళాల దాకా వత్తు. ఎక్కడైనా కూర తొంగిచూస్తే పొడిపిండి చిటికెడు అద్ది వదిలెయ్, దాని మీద మళ్లీ కర్ర పెట్టకు.

పెంక బాగా కాలాలి. నీటి చుక్క పడగానే చిటపటమని ఎగిరిపోతే సరిపోయినట్టు. మొదటి వైపు అర నిమిషం, రంగు మారగానే తిప్పు. రెండో వైపు మచ్చలు పడేదాకా ఉంచి, అప్పుడు నెయ్యి అర చెంచా రాసి, మళ్లీ తిప్పి ఇంకో అర చెంచా. అట్లకాడతో అంచులు నొక్కు. నెయ్యి ముందే వేస్తే పచ్చి పిండి తాగేసి బరువుగా అవుతుంది. సన్నమంట మీద కాలిస్తే ఎండి అట్టలా తయారవుతుంది. పొడిపిండి మాడి పెంక నల్లబడితే ఒక్కో పరాటాకు గుడ్డతో తుడుచుకో, లేకపోతే చేదు వస్తుంది.

ముల్లంగితో అడిగావు. తురిమి, ఉప్పు కలిపి, పావుగంటయ్యాక గట్టిగా పిండు. ఆ నీళ్లు పారబోయకు, వాటితోనే పిండి కలుపు, పిండికి వేరే ఉప్పు వద్దు. అయినా చిరుగుతుంటే రెండు పల్చటి రొట్టెలు వత్తి, ఒకదాని మీద కూర పరిచి రెండోది కప్పి, అంచులు తడివేలితో అతికించు. కాలీఫ్లవర్‌ను ఉప్పేసిన వేడినీళ్లలో ముంచి తీసి, పూర్తిగా ఆరాక తురిమి, నూనె లేకుండా మూడు నిమిషాలు వేయించి చల్లార్చు.

పిల్లల డబ్బాకైతే రాత్రే కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో, ఉల్లిగడ్డ లేకుండా. కాల్చిన పరాటాను వేడివేడిగా డబ్బాలో మూయకు. జాలీ మీద ఐదు నిమిషాలు ఆరనిచ్చి, పల్చటి నూలుబట్టలో చుట్టి పెట్టు. పెరుగు వేరే గిన్నెలో పంపు.

పెద్దమ్మ