బొబ్బెర చేనులో చారల ఈగలు: మందు కొట్టాలా?

ప్రశ్న: ఎకరం బొబ్బెర వేసిన. పూత మీద ఉంది. కొసలకు నల్ల పేనుబంక పట్టింది. పసుపు, నలుపు చారల కందిరీగల్లాంటివి గాలిలో ఒక్కచోటే నిలబడి ఎగురుతున్నయి. పేనుబంక నడుమ ఆకుపచ్చ పురుగులు కూడా పాకుతున్నయి. అన్నిటికీ కలిపి ఒకటే మందు కొట్టమంటున్నరు. ఏం చేయాలె సార్?
– ఒక రైతు, పరకాల, హనుమకొండ జిల్లా

జవాబు: ఇప్పుడే మందు కొట్టకండి. మీరు చూసినవి కందిరీగలు కావు, సిర్ఫిడ్ ఈగలు. వాటికి కొండి లేదు, కుట్టవు. ఆ ఆకుపచ్చ పురుగులు వాటి పిల్లలే అయి ఉంటాయి. అవి ఆకు కొరకవు, పేనుబంకనే తింటాయి.

పూల మీద వాలినప్పుడు దగ్గరగా చూడండి. కందిరీగకు నాలుగు రెక్కలు, సన్నని నడుము, పొడుగు మీసాలు ఉంటాయి. ఈ ఈగకు రెండే రెక్కలు, పొట్టి మీసాలు, తలంతా కళ్లే. మగదానికి రెండు కళ్లూ నడినెత్తిన కలుస్తాయి, ఆడదానికి మధ్యలో సందు ఉంటుంది. పొడవు సుమారు ఒక సెంటీమీటరు. నారింజ పసుపు పొట్ట మీద ఒక లావు నల్ల చార, ఒక సన్న చార మార్చి మార్చి కనిపిస్తే అది ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ అనే రకం. చలిలో పెరిగినవి నల్లగా, వేడిలో పెరిగినవి ఎక్కువ నారింజగా ఉంటాయి. రంగు తేడా చూసి వేరే పురుగనుకోవద్దు.

ఆడ ఈగ తెల్లని, బియ్యపు గింజ ఆకారంలో ఉండే చిన్న గుడ్లను పేనుబంక పక్కనే ఒక్కొక్కటిగా పెడుతుంది. అందులోంచి వచ్చే పిల్ల పురుగుకు కాళ్లుండవు, విడిగా తల కనిపించదు, ముందు భాగం మొనదేలి ఉంటుంది. చర్మం పలుచన, లోపలి పేగు నల్లగా కనిపిస్తుంది. భూతద్దంతో కాసేపు చూస్తే పేనును నోటితో పట్టి పైకెత్తి, రసం పీల్చి, తొక్కను వదిలేయడం కనబడుతుంది. ఒక్కో పురుగు పెరిగి పెద్దయ్యేలోపు వందల పేన్లను తింటుంది. గొంగళి పురుగుకైతే గట్టి తల, కాళ్లు ఉంటాయి, ఆకులకు రంధ్రాలు పడతాయి. ఈ తేడా తెలియక మేలు చేసే పురుగులనే చంపుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

బంక మరీ ఎక్కువగా పట్టిన కొసలను తుంచి చేను బయట పూడ్చండి. రెండు మూడు రోజులాగి చూడండి. అప్పటికీ పెరుగుతుంటే 1500 పీపీఎం (డబ్బా మీద రాసి ఉండే మందు గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున, బంక ఉన్న చోట మాత్రమే సాయంత్రం పిచికారీ చేయండి. సింథటిక్ పైరిత్రాయిడ్ (సైపర్‌మెత్రిన్ లాంటి) పురుగు మందుల జోలికి పోవద్దు, పూత మీదున్న తేనెటీగలు కూడా చస్తాయి. పసుపు జిగురు అట్టలకు ఈ ఈగలు కూడా అంటుకుంటాయి కాబట్టి వాటినీ ఇప్పుడు పెట్టకండి. వచ్చే పంటకు గట్ల వెంట ధనియాలు, ఆవాలు చల్లుకోండి. ఎదిగిన సిర్ఫిడ్ ఈగలకు ఆహారం పుప్పొడి, తేనె. ఆ పూలుంటే అవి మీ చేనులోనే ఉండి గుడ్లు పెడతాయి.