అన్నీ లోడ్ చేసి ఇస్తామంటే వద్దనండి

సందేహం: ఇంట్లోకి కొత్త కంప్యూటర్ కొనాలి. బడ్జెట్ 60 వేలు, కాస్త అటూ ఇటూ. నేను ఫోన్‌లో చీరల వీడియోలు తీసి నా ఛానల్లో పెడుతుంటాను, తెలిసినవాళ్ల ఫంక్షన్లకు ఆహ్వాన పత్రికలు డిజైన్ చేస్తుంటాను. మా పాప తొమ్మిదో తరగతి, బొమ్మలు బాగా వేస్తుంది. ఐ5 చాలా, ఐ7 తీసుకోవాలా? షాపతను ఫొటోషాప్, వీడియో ఎడిటర్, అను ఫాంట్లు, ఆఫీస్ అన్నీ ఉచితంగా లోడ్ చేసి ఇస్తానంటున్నాడు. వేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

ప్రాసెసర్ సంగతి తొందరగా తేల్చేస్తాను. మీ పనికి ఇటీవలి తరం ఇంటెల్ ఐ5 చాలు, లేదా పోటీ కంపెనీలో దానికి సమానమైన చిప్ అయినా చాలు. ఐ7కి పెట్టే అదనపు డబ్బు ర్యామ్ మీద, స్క్రీన్ మీద పెట్టండి. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనడం లేదు కాబట్టి ఒకే 16 జీబీ స్టిక్కు బదులు రెండు 8 జీబీ స్టిక్కులు వేయించండి. చిప్‌లో ఉండే గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. రెండు స్టిక్కులుంటే దానికి డేటా అందే దారి రెట్టింపవుతుంది, వీడియో టైమ్‌లైన్ (ఎడిటర్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ) మీద ఆ తేడా మీకే తెలుస్తుంది. స్టోరేజీ కనీసం 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం డిస్కు) ఉండాలి. ఫోన్‌లో తీసే 4కే వీడియో ఫార్మాట్‌ను బట్టి నిమిషానికి 170 నుంచి 350 ఎంబీ దాకా ఉంటుంది, అందుకని పాత వీడియోలు దాచుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కూడా లెక్కలో వేసుకోండి. కంప్యూటర్ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నా మాట డెస్క్‌టాప్‌కే. దానితోపాటు యూపీఎస్ తప్పనిసరి. పాపకు స్క్రీన్ లేని మామూలు పెన్ ట్యాబ్లెట్ కొనివ్వండి. బొమ్మలు మొదలుపెట్టడానికి అంతకు మించి అక్కర్లేదు.

స్క్రీన్ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే మీది చీరల పని. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో ఎక్కడో అడుగున ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది, తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. ఫోన్లూ వెబ్‌సైట్లూ ప్రామాణికంగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఆ తెర చూపించగలిగేది మూడింట రెండు వంతులకు కూడా సరిగా రాదు. మిరపపండు ఎరుపు దాని మీద ఇటుక రంగులా వెలిసిపోయి కనిపిస్తుంది. అది చూసి మీరు ఎడిటింగ్‌లో రంగు పెంచుతారు. మీ ఛానల్ చూసేవాళ్ల ఫోన్లలో అదే చీర కళ్లు చెదిరేలా కనిపిస్తుంది. చీర ఇంటికొచ్చాక ‘వీడియోలో రంగు వేరు, ఇది వేరు’ అని వాపసు పంపుతారు. ఇందులో మీ తప్పేమీ లేదు, తప్పంతా తెరదే. మానిటర్ కొనేటప్పుడు అది ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం తెర) అవునో కాదో, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతానికి దగ్గరగా ఉందో లేదో అడగండి. షాపులో చెప్పలేకపోతే మోడల్ నంబర్ రాసుకొచ్చి కంపెనీ వెబ్‌సైట్లో చూసుకోండి. ఏఐ అనే అక్షరాలను అట్ట పెట్టె మీద బెత్తెడు సైజులో ముద్రించే కంపెనీలు, రోజంతా మనం కళ్లప్పగించి చూసే తెర గురించి ఒక్క ముక్క బయటికి చెప్పకపోవడం కొనేవాళ్లను మోసం చేయడమే. 8 జీబీ ర్యామ్‌ను బోర్డుకే అతికించి, తర్వాత పెంచుకునే దారి మూసేసి అమ్మడం కూడా ఇదే కోవలోది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో అలాంటి మోడళ్లను కొనిపించాలని చూసేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. స్లాట్లు ఉన్న మెషీన్ అయితేనే తీసుకోండి.

ఇక మీ ఉత్తరంలో చివరి మాట దగ్గరికి వస్తాను. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ‘కంప్యూటర్ కొన్న నెలకే ఛానల్ పోయింది, ఇన్‌స్టా పోయింది, ఓటీపీ కూడా రాలేదు, ఎలా పోయింది’ అనే ఫిర్యాదు పదేపదే ఉంటుంది. కాస్త లోతుగా అడిగితే చాలామంది దగ్గర ఒకటే జవాబు: షాపులో అన్నీ లోడ్ చేసి ఇచ్చారు.

షాపతను లోడ్ చేసేది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీ. దాన్ని వేయడానికి మొదట చేసే పని యాంటీవైరస్ ఆపేయడం. రెండోది, ఆ ఫోల్డర్‌ను ఇకముందు స్కాన్ చేయవద్దని సెట్టింగ్స్‌లో మినహాయింపు పెట్టడం. మూడోది, ఆ ఫైల్‌ను అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడపడం. అంటే కొత్త కంప్యూటర్ మీ గడప తొక్కక ముందే దాని కాపలా తీసేసి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు సర్వాధికారాలూ ఇచ్చేశారు. షాపతనికి చెడ్డ ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఆ పెన్‌డ్రైవ్ అతనికి ఇంకొకరు ఇచ్చి ఉంటారు, వాళ్లకు మరొకరు.

ఈ క్రాక్‌లలో దాగి వచ్చేవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేవి ఇన్ఫోస్టీలర్లు. అవి కంప్యూటర్‌ను నెమ్మదింపజేయవు, తెర మీద ఏ హెచ్చరికా చూపవు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, లాగిన్ కుకీలు మూటగట్టి నిమిషాల్లో బయటికి పంపేస్తాయి. చాలాసార్లు పని అయ్యాక తమను తామే చెరిపేసుకుంటాయి కూడా. అందుకే తర్వాత ఎంత వెతికినా ఏమీ దొరకదు. లాగిన్ కుకీ అంటే సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే పాసు లాంటిది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లను లోపలికి పంపిస్తారు, మళ్లీ టికెట్ అడగరు. మీరు ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లారు కాబట్టి ఆ కుకీ ఉన్నవాడికి రెండూ అక్కర్లేదు. ‘ఓటీపీ రాలేదు, ఎలా పోయింది’ అన్నదానికి జవాబు ఇదే.

ఇది అక్కడక్కడా జరిగే విషయం కాదు. లుమ్మా అనే ఒక్క ఇన్ఫోస్టీలర్, 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లో ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో దూరినట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ మే నెలలోనే దాని సర్వర్ల వ్యవస్థను కోర్టు ఉత్తర్వులతో దెబ్బతీశారు. అది పాకిన దారుల్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ ఒకటి. యూట్యూబ్ ఛానళ్లు నడిపేవాళ్లను ఏరి మరీ, ప్రకటన ఇస్తామంటూ మెయిల్ పంపి కుకీలు దోచే ముఠాల గురించి గూగుల్ భద్రతా విభాగం 2021 అక్టోబర్‌లోనే వివరంగా రాసింది. మీ ఛానల్ చిన్నదని ధీమాగా ఉండకండి. దొంగకు కావలసింది నమ్మకమైన పాత ఖాతా. పేరు మార్చి, ఫొటో మార్చి, క్రిప్టో మోసాల లైవ్ పెట్టుకోవడానికి అది చాలు.

ఇంకో రకం స్టాప్ అనే రాన్సమ్‌వేర్. ఇది కంపెనీల జోలికి పెద్దగా పోదు, ఇళ్ల మీదే పడుతుంది, పాకేది ఎక్కువగా క్రాక్‌ల ద్వారానే. ఫొటోలు, వీడియోలు అన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు అడుగుతుంది, 72 గంటల్లోపు కడితే సగం అంటుంది. పాత రకాలకు 2019లో ఉచిత విరుగుడు వచ్చింది. తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి లేదు. పాప నామకరణం నుంచి నిన్నటి పుట్టినరోజు దాకా ఉన్న ఫొటోలు అన్నీ పోతే తిరిగి తెచ్చే వాళ్లు ఉండరు. పైగా మన ఇళ్లలో అదే కంప్యూటర్‌లో ఆధార్ స్కాన్లు, పొలం పాస్‌బుక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా ఉంటాయి.

షాపులవాళ్లకు కోపం వచ్చినా సరే, ఈ మాట అనాలి. ‘అన్నీ ఫ్రీగా వేసిస్తాం’ అనడం మన ఊళ్లలో మర్యాద కింద చెలామణీ అవుతోంది. వేయనన్న షాపతన్ని పిసినారి అనుకుంటాం. అసలు లైసెన్స్ ఉన్న విండోస్‌తో ఖాళీ మెషీన్ ఇచ్చి, ‘మిగతావి మీరు అధికారిక సైట్ల నుంచి వేసుకోండి’ అని చెప్పే అతనే మీ మేలు కోరేవాడు. బిల్లులో విండోస్ లైసెన్స్ విడిగా రాయించండి. మొదటి సెటప్ ఇంటికి తెచ్చుకుని మీరే చేసుకోండి. మీకొక అకౌంటు, పాపకు అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని మరో అకౌంటు పెట్టండి.

మరి పత్రికల డిజైన్ ఎలా అంటారు. తెలుగులో క్రాక్‌ల వాడకం ఇంతగా పాతుకుపోవడానికి అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కాలం నాటి అలవాటు ఒక కారణం. ఆ ఫాంట్లలో కొట్టింది వేరేచోట అతికిస్తే అర్థంలేని గుర్తులుగా మారుతుంది. ఇప్పుడు ఆ అవసరం లేదు. సిలికానాంధ్ర చొరవతో తయారైన రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల, ఎన్టీఆర్, రవిప్రకాష్ వంటి యూనికోడ్ (ఎక్కడ అతికించినా అక్షరాలు మారని పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా ఉన్నాయి. పెళ్లిపత్రిక శీర్షికకు రామభద్ర పెట్టి చూడండి. డిజైన్లకు వాడే ఇంక్‌స్కేప్‌లో, ఫొటోలు దిద్దే గింప్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు విడిపోకుండా సరిగ్గా కూర్చుంటాయి. పైరసీలో తిరిగే పాత ఫొటో ఎడిటర్లలోనే అవి చెల్లాచెదురవుతాయి. పాపకు బొమ్మలు వేయడానికి క్రిటా. వీడియోలకు షాట్‌కట్ గానీ కెడెన్‌లైవ్ గానీ. గొంతు రికార్డింగ్‌కు ఆడాసిటీ. ఇవన్నీ పూర్తిగా ఉచితం.

వీటిని దింపుకునేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. సెర్చ్‌లో పైన ‘స్పాన్సర్డ్’ అని కనిపించే లింకు నొక్కొద్దు. 2022 చివర్లో గింప్ కోసం వెతికినవాళ్లకు అసలు చిరునామాలాగే కనిపించే ప్రకటన ఒకటి వచ్చింది. నొక్కితే నకిలీ సైటు, అందులో విడార్ అనే ఇన్ఫోస్టీలర్. అసలు సరుకు 5 ఎంబీ ఉంటే, నమ్మించడానికి ఫైల్‌ను 700 ఎంబీ దాకా ఉబ్బించారు. అధికారిక సైటు చిరునామా మీరే టైప్ చేయండి, లేదా ఉచితంగా ఉన్నవాటిని మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తీసుకోండి.

సందేహం: ఆన్‌లైన్‌లో ‘ఐ7, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ’ అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మానిటర్‌తో సహా 17 వేలకు కనిపించింది. వీడియో ఎడిటింగ్‌కు ఐ7 కదా, కొనొచ్చా?
– ఒంగోలు నుంచి ఒక విద్యార్థి

ఏ తరం ఐ7 అని ఆ పేజీలో వెతకండి. ఇలాంటివాటిలో తరచుగా ఉండేది మూడో తరమో, నాలుగో తరమో. అంటే 2012, 2013లో వచ్చిన చిప్ అన్నమాట. ఇటీవలి ఐ3 దానికన్నా వేగంగా పనిచేస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోను హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో దాచుకోగలవు. ఆ పాత చిప్‌లలో దాన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు. అలాంటి ఫోన్ వీడియో టైమ్‌లైన్ మీద పెట్టగానే ఆగి ఆగి నడుస్తుంది.

అంతకన్నా పెద్ద సమస్య వేరే ఉంది. విండోస్ 11 ఇంటెల్ చిప్‌లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఆ డబ్బాలో ఉండేది కాలం చెల్లిన విండోస్ 10 అయినా కావాలి, తనిఖీలను తప్పించి బలవంతంగా ఎక్కించిన 11 అయినా కావాలి. 17 వేలకు అసలు లైసెన్స్ కూడా కలుస్తుందని నేను నమ్మను. పదేళ్లు దాటిన చిప్‌ను ‘ఐ7’ అని పెద్దక్షరాలతో రాసి, తరం సంఖ్య రాయకుండా అమ్మనివ్వడం ఆ అమ్మకపు సైట్ల బాధ్యతారాహిత్యం. చదువుకునే పిల్లలే ఎక్కువగా దీనికి బలవుతున్నారు. డబ్బు అంతే ఉంటే ఎనిమిదో తరం లేదా ఆ పైది, వారంటీ రాసిచ్చే చోట రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ఆఫీసు డెస్క్‌టాప్ చూడండి. రాగానే డిస్క్ పూర్తిగా చెరిపేసి విండోస్ కొత్తగా వేసుకోండి.

సందేహం: మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ ల్యాప్‌టాప్ తెస్తానంటున్నాడు. ఫొటోలు దిద్దుకోవడానికి, పాత క్యాసెట్ల పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికి. అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద ‘100–240వీ’ అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చూసుకోవాల్సింది వారంటీ. కొన్ని మోడళ్లకే అది భారత్‌లోనూ చెల్లుతుంది, కొన్నిటికి కొన్న దేశంలోనే. అబ్బాయిని కొనకముందే ఆ మోడల్ వారంటీ షరతులు చదవమనండి. ర్యామ్ బోర్డుకు అతికించి ఉంటే 16 జీబీదే తెమ్మనండి, ఇక్కడ పెంచుకోలేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది మైకు, హెడ్‌ఫోన్ కలిసిన ఒకే రంధ్రం. అందులో టేప్ రికార్డర్ వైరు పెడితే స్టీరియో రికార్డింగ్ రాదు. అందుకని లైన్-ఇన్ (టేప్ రికార్డర్ నుంచి పాట తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కూడా తెప్పించుకోండి, రికార్డింగ్‌కు ఆడాసిటీ చాలు. కొన్న బిల్లు పీడీఎఫ్ మీ మెయిల్‌కి పంపించుకోండి. రేపు సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది అదే.