పెళ్లిళ్లు లేని నెలల్లో గుర్రాన్ని ఎలా పోషించాలి?

మీ నాన్నగారు పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపేవారనీ, మోకాళ్ల నొప్పులతో ఆరు నెలలుగా ఇంటిపట్టునే ఉన్నారనీ, ఆషాఢం రావడంతో ఉన్న కాస్త బేరమూ ఆగిపోయిందనీ రాశారు. తొమ్మిదేళ్ల ఆ గుర్రాన్ని అమ్మేద్దామని మీ అమ్మగారు అంటుంటే, అమ్మితే నాన్న తట్టుకోలేరని మీరు భయపడుతున్నారు. ఇంత ఇబ్బందిలో దాన్ని ఉంచుకోవడం సాధ్యమేనా అన్నది మీ ప్రశ్న. సాధ్యమే, కానీ ఎన్నాళ్లు సాధ్యమో ఇప్పుడే, గుర్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే లెక్క వేసుకోవాలి. మాది గుడివాడలో జట్కా తోలిన కుటుంబం. ఆ లెక్క ఆలస్యంగా వేసుకుని నష్టపోయిన ఇంటివాడిగా ఈ జవాబు రాస్తున్నాను.

1990ల మధ్యకు వచ్చేసరికి మా ఊళ్లో రైలు దిగినవాళ్లు జట్కా వైపు చూడటం మానేసి నేరుగా ఆటో ఎక్కడం మొదలుపెట్టారు. నాన్నకు మాత్రం నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడ గుర్రం ఉండేది, దాన్ని మేము చుక్క అని పిలిచేవాళ్లం. రోజంతా స్టేషన్ దగ్గర నిలబడితే రెండు బేరాలు దొరికిన రోజులూ, ఒక్కటీ దొరకని రోజులూ ఉండేవి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని అమ్మ సామెత చెప్పి దెప్పేది గానీ, సాయంత్రం బండి చప్పుడు వినగానే బక్కెట్టు నింపి గుమ్మంలో పెట్టేది కూడా ఆవిడే.

ధరలు ఊరికొక రకంగా ఉంటాయి కాబట్టి నేను తూకాలే చెబుతాను. మూడు వందల కిలోల లోపు బరువుండే టట్టు (పొట్టి) జాతి గుర్రానికి రోజుకు ఐదారు కిలోల ఎండుమేత, లేదా దానికి సరిపడా పచ్చిమేత కావాలి. మామూలు రోజుల్లో పాతిక ముప్పై లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది. పని చేసే గుర్రానికి కిలో, కిలోన్నర ఉలవలో శనగలో పెట్టాలి. పెళ్లి గుర్రాలు కొంచెం పెద్దవి కాబట్టి మీరు ఇంకాస్త కలుపుకోవాలి. ఈ అంకెలను ముప్పైతో గుణించి, మీ ఊరి ధర వేసి, గోడ మీద రాసుకోండి. మీకు పెళ్లిళ్లకు మూఢం ఉంటుంది గానీ గుర్రం ఆకలికి మూఢం ఉండదు, అందుచేత ఈ లెక్కను పన్నెండు నెలలకూ వేయాలి.

మేత ఖర్చును మేము ఎక్కువగా తగ్గించగలిగింది గరికతోనే. బడికి వెళ్లేముందు నేనూ అక్కా కొడవళ్లు పట్టుకుని కాలువ గట్టు మీదికి వెళ్లి, మోపు గరిక కోసి, అక్కడే నీళ్లలో జాడించి తెచ్చేవాళ్లం. జాడించకుండా వేస్తే వేళ్లకు పట్టిన మట్టీ ఇసుకా కడుపులో చేరి శూల వస్తుందని నాన్న మోపు విప్పి మరీ చూసేవారు. వాంతి చేసుకునే వీలు గుర్రానికి లేదు కనుక, కడుపులో చేరిన చెడు అంత తేలిగ్గా బయటికి పోదు. ముందుకాలితో నేలను గీరడం, మాటిమాటికీ తన డొక్క వైపు తిరిగి చూసుకోవడం, పడుకుని దొర్లడం కనిపిస్తే మేత ఆపి వెంటనే డాక్టరును పిలవాలి. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక గరిక ఎండిపోయేది, ఆ రెండు మూడు నెలలే మాకు అసలైన కష్టకాలం.

ఇక ఉలవల సంగతి. మా ఇంట్లో ఒకే బానలో గుర్రానికీ మనుషులకీ వంట జరిగేది. ముందురోజు రాత్రి నానబోసిన ఉలవలను అమ్మ తెల్లవారుజామున పొయ్యి మీద పెట్టి, మెత్తగా ఉడికాక వార్చి, ఆ చిక్కటి నీళ్లలో చింతపండు పులుసు పోసి మాకు చారు కాచేది, గుగ్గిళ్లలో ఉప్పు కలిపి చుక్కకు పెట్టేది. ఇప్పుడు హోటళ్లలో ఉలవచారును గొప్పగా చెప్పి వడ్డిస్తుంటే నాకు నవ్వు వస్తుంది, ఎందుకంటే నా చిన్నతనంలో అది గుర్రం తినగా మాకు మిగిలిన వంతు.

మేము చేసిన తప్పును కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు తక్కువైన ప్రతి ఇంట్లోనూ ఈ తప్పు చేయాలనిపిస్తుంది. ఒక వేసవిలో ఉలవలు కొనలేక, రైసుమిల్లులో చవకగా దొరికే తవుడును నీళ్లలో కలిపి పెట్టడం మొదలుపెట్టాం. చుక్క ఇష్టంగా తినేది, పొట్ట నిండేది, పైకి ఒళ్లు కూడా చేసినట్టు కనిపించేది. నాలుగైదు నెలల తర్వాత కళ్లెం తొడిగేటప్పుడు దవడ ఎముక రెండు వైపులా ఉబ్బినట్టు నాన్న వేళ్లకు తగిలింది. ఆ తర్వాత కొద్దిరోజులకే అది నడకలో కాళ్లు మార్చి మార్చి కుంటడం మొదలుపెట్టింది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడంతో ఒంటికి కావలసిన కాల్షియాన్ని శరీరం తన ఎముకల్లోంచే లాక్కుంటుందనీ, అందుకే ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బుతుందనీ పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు. తవుడు మాన్పించి, ఖనిజ లవణాల పొడి ఇచ్చి, వరి కోశాక చేలల్లో వేసే పిల్లిపెసర మేత పెట్టమన్నారు. కుంటు తగ్గింది కానీ దవడ మునుపటి రూపానికి రాలేదు. కాబట్టి తవుడు గుప్పెడు కలిపితే ఫరవాలేదు గానీ, దాణా బదులు తవుడు పెట్టవద్దు. నేపియర్ గడ్డి ఒక్కటే నెలల తరబడి మేపినా, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఆక్సలేట్లు అందులో ఉండటం వల్ల ఇదే జబ్బు వస్తుంది. నీటి ఎద్దడికి గిడసబారిన లేత జొన్న పైరులో విషం ఉంటుంది కనుక అది ఊరికే వస్తున్నా తేవద్దు.

అయితే ఏది తగ్గించవచ్చు అంటారా? పని లేని నెలల్లో దాణాను సగానికి తగ్గించవచ్చు, తగ్గించాలి కూడా. పని ఆపేసి దాణా మాత్రం అలాగే పెడుతూ ఉండి, ఒక్కసారిగా మళ్లీ నడిపిస్తే తొడ కండరాలు కొయ్యబారి గుర్రం కదలలేకపోతుంది. తారురోడ్డు మీద నడవని నెలల్లో నాడాలు తీయించి, ఆరేడు వారాలకొకసారి గిట్టలు చెక్కిస్తే చాలు, చెక్కించడం మాత్రం మానకూడదు. కింద పరవడానికి మాకు మిల్లు నుంచి ఊక ఊరికే దొరికేది. మా నల్లరేగడి నేలలో వానాకాలం గిట్టలు కుళ్లకుండా కాపాడింది ఆ ఊకే. లద్దెను అరటితోటల వాళ్లు పట్టుకెళ్లేవారు, మీ దగ్గర నర్సరీలవాళ్లు తీసుకుంటారేమో అడిగి చూడండి. ఏటా వేయించవలసిన ధనుర్వాతం టీకాను ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వేయకండి, చిన్న మేకు గుచ్చుకున్నా గుర్రానికి ఆ జబ్బు ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రికి నడిపించలేని స్థితి వస్తే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్సు ఆ నంబరు మీదే నడుస్తుంది. ఈ సౌకర్యం మా రోజుల్లో లేదు.

మీ గుర్రం ఇంకా పని చేయగలదు కనుక, వచ్చే ముహూర్తాలకు దాన్ని ఇంకొక గుర్రాల యజమానికి వాటా పద్ధతిలో ఇవ్వడం అమ్మకం కన్నా మంచి దారి అని నా అభిప్రాయం. గుర్రం రాత్రికి మీ ఇంటికే రావాలన్న షరతు పెట్టండి, అతని తొట్టిలో నీళ్లు తాగించకుండా మీ బక్కెట్టు వెంట పంపండి. ఒకే తొట్టి, ఒకే గాడి దగ్గర గ్లాండర్స్ అనే గుర్రాల అంటుజబ్బు సోకే ప్రమాదం ఉంది, అది మనుషులకు కూడా సోకుతుంది. రక్తపరీక్షలో ఆ జబ్బు రుజువైన గుర్రాన్ని బతకనివ్వరు. కలిసి తిరగబోయే గుర్రాలన్నింటికీ ఆ పరీక్ష ముందే చేయించమని మీ పశువైద్యుణ్ణి అడగండి.

ఇవన్నీ చేశాక కూడా వరసగా రెండు నెలలు మేత అప్పు మీద వస్తే, పిల్లల ఫీజు నుంచో నాన్నగారి మందుల నుంచో దాణా కొనవలసి వస్తే, అప్పుడు వదులుకోవాలి. మేము ఆ గీత దాటిపోయాక కూడా ఏడాది పట్టుకుని వేలాడాం. దవడ ఉబ్బిన గుర్రాన్ని చూసి మంచివాళ్లెవరూ ముందుకు రాలేదు, ఇటుకలు తోలే బండివాడొక్కడు వచ్చి పళ్లు చూసి బేరం చెప్పాడు. నాన్న అతనికి మంచినీళ్లు ఇచ్చి పంపేశారు. చివరికి మావయ్యకు తెలిసిన నూజివీడు మామిడితోట రైతు ఒకరు, బండికి కట్టనని మాటిచ్చి ఉచితంగా తీసుకెళ్లారు. తోటలో గడ్డికి కొదవ లేదు, తోటవాళ్ల పిల్లలు దాని మీద ఎక్కి తిరిగేవారు. మీకు అలాంటి చోటు కావాలంటే ఇప్పటినుంచే వాకబు చేయండి, వెళ్లి నీళ్ల వసతి, నీడ, అక్కడ ఇప్పటికే ఉన్న పశువుల ఒంటి తీరు మీ కళ్లతో చూసి రండి. ఇచ్చేముందు మీరు చూడటానికి వస్తూ ఉంటామని, మళ్లీ ఎవరికైనా ఇవ్వదలిస్తే ముందు మీకే చెప్పాలని కాగితం మీద రాయించుకోండి.

నాన్న నెలకొకసారి టిఫిన్ క్యారియర్‌లో ఉలవ గుగ్గిళ్లు పెట్టుకుని, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, చుక్కను చూడటానికి వెళ్లేవారు. అది ముందు క్యారియర్ వైపు, తర్వాతే తన వైపు చూస్తుందని ఇంటికొచ్చి అమ్మ దగ్గర ప్రతిసారీ నిష్ఠూరమాడేవారు.