ఆకు టీ చేదొస్తోందా? రంగు చూసి దింపడం మానండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు రాయగడలో ఉంటున్నారు. ఇంట్లో ఎప్పుడూ పాలు పోసి మరిగించే పొడి టీయే. ఈ మధ్య ఆన్‌లైన్‌లో డార్జిలింగ్ ఆకు, మల్లెల గ్రీన్ టీ, ఒక పీచ్ టీ తెప్పిస్తే మూడూ కషాయంలా చేదొచ్చాయి. తప్పు ఆకుదా, మనదా అని అడిగారు. షుగర్ ఉన్న మీ నాన్నగారికి ఏదైనా ఇవ్వచ్చా అని కూడా అడిగారు.

ఆకుని అప్పుడే తిట్టకండి. బరంపురంలో మా ఇంట్లో పాల టీ, ఆకు టీ రెండూ నడుస్తాయి. ఆకు టీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళని చాలామందిని చూశాను. దాదాపు అందరి చేదుకీ కారణం ఒకటే. మనకి టీ అంటే రంగు దిగాలి. రంగు రాలేదని ఇంకాసేపు ఉంచుతాం, ఆ ఇంకాసేపే కొంప ముంచుతుంది.

పొడి టీకి ఆ లెక్క సరిపోతుంది. మనం వాడేది సీటీసీ. ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, గింజలుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. అంతగా నలిగిన ఆకు కాబట్టి సారం నిమిషాల్లో దిగిపోతుంది. పైగా దాన్ని ఎంత కుతకుతలాడించినా, పాలలో ఉన్న ప్రొటీన్ ఆ వగరుని పట్టేసుకుంటుంది. అదే మరిగింపు ఆకు టీకి పెట్టి, పాలు లేకుండా తాగితే వగరుకి అడ్డుపడేది ఏముంది?

ముందు డార్జిలింగ్ సంగతి. ఫస్ట్ ఫ్లష్ అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే లేత ఆకు. పేరుకి బ్లాక్ టీయే గానీ రంగు లేత బంగారం దాటదు. మా అత్తగారు మొదటిసారి చూసి "ఇదేంటమ్మా, గ్లాసు కడిగిన నీళ్ళా?" అన్నారు. దాన్ని ఎర్రబడేదాకా నానబెడితే రంగు వస్తుంది, దాంతోపాటే నాలుక పీక్కుపోయే వగరూ వస్తుంది. మే, జూన్ కోతని సెకండ్ ఫ్లష్ అంటారు. దాని రంగు కొంచెం ముదురు, పండిన ద్రాక్ష లాంటి వాసన ఉంటుంది. ఆ వాసన వెనక ఒక పురుగు కథ ఉంది. పచ్చదోమ లేత ఆకు రసం పీలిస్తే మొక్క తనని తాను కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది, ఆ ద్రాక్ష వాసనకి అవే తోడవుతాయి. మీ రాయగడ వైపు పత్తి రైతులు పొద్దస్తమానం తిట్టుకునే పచ్చదోమకి అది దగ్గర చుట్టమే. పత్తికి శని, టీకి లాభం!

ఇక చేసే తీరు. గ్లాసుకి 150 మిల్లీలీటర్ల నీళ్ళు, 2 గ్రాముల ఆకు. బాగా చుట్టుకున్న ఆకైతే ఒక టీస్పూను, విప్పారి తేలిగ్గా ఉండే ఆకైతే గుమ్మటంగా రెండు. డార్జిలింగ్‌కి నీళ్ళు మరిగాక స్టవ్ కట్టేసి ఒక నిమిషం ఆగండి. ఆకు మీద పోసి మూత పెట్టండి. ఫోన్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టుకుని, అది మోగగానే వడకట్టేయండి. ఆ మూడు నిమిషాలూ గ్లాసులోకి తొంగిచూడొద్దు. పల్చగా అనిపిస్తే రేపు ఆకు కాస్త పెంచండి, టైము మాత్రం పెంచొద్దు. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

గ్రీన్ టీకి ఇంకా చల్లటి నీళ్ళు కావాలి, 75 నుంచి 80 డిగ్రీలు, రెండు నిమిషాలు. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే చేదునిచ్చే క్యాటెకిన్లు అంత జోరుగా దిగుతాయి. తియ్యదనం, కమ్మదనం ఇచ్చే అమైనో ఆమ్లాలు తక్కువ వేడికే బయటికి వస్తాయి. థర్మామీటర్ కొనక్కర్లేదు. మరిగిన నీళ్ళని ఒక స్టీలు గిన్నెలోంచి ఇంకో చల్లటి గిన్నెలోకి పోస్తే సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది, రెండుసార్లు మారిస్తే చాలు. కొరాపుట్‌లో మా వదినగారిల్లు ఉంది. ఆ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడ డార్జిలింగ్‌కి ఆ ఒక్క నిమిషం కూడా ఆగం. కాఫీ పండే ఊళ్ళో కూర్చుని టీ గురించి ఈ గొడవేంటని ఆవిడ నవ్వుతుందనుకోండి, అది వేరే విషయం.

మల్లెల టీ నాకు అన్నిటికన్నా ఇష్టం, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. నిజమైన మల్లెల టీలో పూలు కనిపించక్కర్లేదు. చైనాలో దీన్ని చేసేవాళ్ళు మొగ్గలని పగటిపూట కోయిస్తారు, ఎందుకంటే మల్లె విచ్చుకునేది చీకటి పడ్డాకే. విచ్చుకుంటున్న పూలని రాత్రంతా ఆకులో కలిపి ఉంచి, తర్వాత పూలు తీసేసి ఆకుని ఆరబెడతారు. మంచి రకానికి కొత్త పూలతో ఇదే పని మళ్ళీ మళ్ళీ చేస్తారు. బీరువాలో చీరల మధ్య మల్లెలు పెడితే మడతలకి వాసన పట్టదూ, అలాగన్నమాట. కాబట్టి ప్యాకెట్ నిండా ఎండు రేకులు ఉన్నాయని మురిసిపోకండి, అవి చాలాసార్లు అలంకారమే. నేను చూసుకునే గుర్తు ఒకటుంది. అదే ఆకు మీద రెండోసారి నీళ్ళు పోసి మూత తీసినప్పుడు మల్లె వాసన ఇంకా నిలిచి ఉంటే మంచి సరుకు. ప్యాకెట్ విప్పగానే గుప్పుమని, రెండో గ్లాసుకి మాయమై, నోట్లో సబ్బు రుచి వదిలితే అది పైన చల్లిన సెంటు.

మీ పీచ్ టీ మీద మాత్రం నాకు ఆశ లేదు. పండ్ల పేర్లతో వచ్చే టీల్లో చాలావాటికి వాసన ఘనం, కింద ఆకు నాసి. ఒక పరీక్ష చేసి చూడండి. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. పీచ్ ఉండదు, మామిడి ఉండదు, మిగిలేది అసలు ఆకు రుచి. అది బాగుంటేనే ఆ టీ కొనదగ్గది. తర్వాత ముక్కు వదిలి గట్టిగా జుర్రుకోండి. టీ రుచి చూడటమే ఉద్యోగమైనవాళ్ళు చేసేదీ అదే, గాలితో కలిసి నోరంతా చిమ్మితే వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుంది. సాసర్‌లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగే మన తాతయ్యలని ఊరికే విసుక్కున్నాం. ఎర్ల్ గ్రే ఒక్కటి నా దృష్టిలో మినహాయింపు. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె వాసన అది, నల్ల ఆకుతో భలే కుదురుతుంది.

మిగతా ఫ్లేవర్లు మీరే చేసుకోండి. సాదా నీలగిరి ఆకు కొనండి, అది ఒక నిమిషం అటూ ఇటూ అయినా పెద్దగా అలగదు. నీళ్ళు మరిగేటప్పుడే రెండు నిమ్మగడ్డి పోచలు తుంచి వేయండి, లేదా సంతలో దొరికే పొట్టంగి అల్లం ముక్క దంచి వేయండి. స్టవ్ కట్టేశాకే ఆకు వేసి మూడు నిమిషాలకి వడకట్టండి. మన వీధి బండి మీద లాల్ చా, అంటే పాలు పోయని టీ తాగేటప్పుడు నిమ్మకాయ పిండుతారు కదా, దీనికీ ఒక చెక్క పిండొచ్చు.

వీలైతే ఒకసారి ఉండ చుట్టిన ఊలాంగ్ కూడా కొనండి, అది గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం, గాజు గ్లాసులో చేయండి. వేడినీళ్ళు పడగానే ఉండలు అడుక్కి పోతాయి. ఒక్కొక్క ఉండకీ ఏదో ఒక అంచు లేస్తుంది. రెండో విడత నీళ్ళకి కాడతో సహా నిండు ఆకు విప్పుకుని గ్లాసు సగం నింపేస్తుంది. అదే ఆకుతో మూడు, నాలుగు గ్లాసులు వస్తాయి. ఒక్కో గ్లాసుది ఒక్కో రుచి.

కొనేటప్పుడు 50 గ్రాములకి మించి వద్దు. అవే 25 గ్లాసులు. కలకత్తా వెళ్ళే చుట్టాలుంటే అక్కడ విడిగా తూకం వేసి అమ్మే దుకాణాల్లో తెమ్మనండి, వాసన చూసి కొనొచ్చు. ప్యాకెట్ మీద ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి గ్రేడు అక్షరాల తోరణం చూసి డబ్బు పోయొద్దు. అవి ఎక్కువగా ఆకు పరిమాణం, చిగుళ్ళ సంగతి చెప్తాయి, రుచికి హామీ కాదు. తెచ్చాక గట్టి మూత ఉన్న డబ్బాలో, ఇంగువకీ మసాలా డబ్బాకీ దూరంగా పెట్టండి. టీ ఆకు ఏ వాసననైనా లాగేసుకుంటుంది. మా బరంపురంలో సముద్రపు తేమ ఒకటి, వానాకాలంలో మూత వదులుగా ఉంటే వారానికే మెత్తబడిపోతుంది.

మీ నాన్నగారికి చక్కెర లేకుండా ఆకు టీ ఏదైనా ఫర్వాలేదు. నిద్ర పాడవకుండా సాయంత్రం ఐదులోపు ఇవ్వండి. రాత్రిపూట అయితే ఎర్రటి హైబిస్కస్ టీ చూడండి, అందులో టీ ఆకే ఉండదు కాబట్టి కెఫీన్ లేదు. అది మన గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్ర రక్షక పత్రాలు ఎండబెట్టింది, పుల్లగా ఉంటుంది, పాలు పోస్తే విరిగిపోతాయి. బీపీ మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడిగి ఇవ్వండి, అది బీపీని కొంత తగ్గించగలదు. నిమ్మరసం, పీచ్ పేర్లతో వచ్చే ఐస్ టీ పొడుల జోలికి అసలు పోనివ్వద్దు. డబ్బా వెనక పదార్థాల జాబితా బరువు క్రమంలో ఉంటుంది, చాలా డబ్బాల మీద మొదటి పేరు చక్కెరే.